పదికి ఎంత నమ్మకం

బందరు,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు వసుంధర నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. పోయిన మూడు ఉత్తరాల్లోనూ ఇదే మాట రాశాను కాబట్టి నువ్వు నమ్మవు, అమ్మ నమ్ముతుంది. ఆమెకు ఈ వాక్యం రెండుసార్లు చదివి వినిపించు. జేజి మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? బావ దగ్గు తగ్గిందా? తగ్గకపోతే అంగట్లో ఎవరో ఇచ్చిన బిళ్లలు మింగకుండా ఆసుపత్రికి వెళ్లి గుండెలు చూపించుకోమను. నీ బడికి ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్లాడా? చిట్టి పలక మీద ఏం రాస్తోంది? నాయన సైకిలు మీద పడ్డారని అమ్మ రాయించింది, నువ్వు రాయలేదు. దెబ్బ ఎక్కడ తగిలిందో సరిగ్గా రాయి. దూరంగా ఉన్నవాళ్లకు సగం సగం రాయకూడదు.

ఇక్కడ వాన పడుతూనే ఉంది. మన మదనపల్లెలో వాన పడితే పిల్లలం వీధిలోకి పరుగెత్తేవాళ్లం. ఇక్కడివాళ్లు మబ్బు చూసి ‘ఇంక చాలు తల్లీ’ అంటారు. ఉతికిన చీర రెండు రోజులైనా ఆరదు. జాడీలో ఉప్పు నీరు కారుతుంది. ఊరి చుట్టూ ఎంత దూరం వెళ్లినా కొండ అన్నది లేదు. వరి, కాలువలు, తాడిచెట్లు, మళ్లీ వరి. మొదటిసారి బస్సులో గుడివాడ వెళ్లినప్పుడు కిటికీలోంచి చూస్తుంటే కళ్లకు ఆనుకోవడానికి ఏమీ దొరకక తల తిరిగినట్టయింది. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కుదురుగా ఒకచోట కూర్చోలేకపోతున్నాను. పుస్తకం తీస్తాను, మూస్తాను, వరండాలో తిరుగుతాను.

తిండికి లోటు లేదు. పొద్దునా మధ్యాహ్నం రాత్రి అన్నమే. సంకటి ముద్ద, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరిబిండి కలలోకి వస్తున్నాయంటే నవ్వకు. నేను ఉండే ఇల్లు మా ఆసుపత్రి పెద్ద నర్సు మార్తమ్మగారిదని ఇంతకుముందే రాశాను కదా. ఆవిడ దివిసీమలో అవనిగడ్డ పక్క పల్లె నుంచి వచ్చి నర్సు చదువు చదివి, పాతికేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్నారు. చేపల పులుసు చేసిన రోజు నాకు ముళ్లు తీసి మరీ పెడతారు. ఇవాళ చర్చికి వెళ్తూ, ‘డాక్టరమ్మా, కాఫీ మూతపెట్టి ఉంచానండీ, చల్లారిపోకముందే తాగండి’ అని తలుపు తట్టి చెప్పి వెళ్లారు. కాబట్టి నన్ను చూసుకునేవాళ్లు లేరని అమ్మను బెంగపడొద్దను.

ఇక్కడినుంచి అమ్మకు చదవొద్దు. నువ్వు చదువు. తర్వాత ఎంత చెప్పాలో నువ్వే చూసుకో.

పోయిన ఉత్తరంలో నేను ఇక్కడ ఉండలేనని, మన వైపు ఎక్కడైనా ఖాళీ ఉందేమో కనుక్కోమని నాయనకు చెప్పమన్నాను. కారణం రాయలేదు. నువ్వు ఇక్కడి గాలి నాకు పడలేదనుకుని ఉంటావు. గాలి కాదు అక్కా. ఒక కాగితం.

మా పెద్ద డాక్టరు రామబ్రహ్మంగారికి అరవై దాటాయి. తెల్ల పంచె మీద కోటు వేసుకుని వార్డుకు వస్తారు. నెల కిందట నన్నూ, నాతోపాటు చేరిన శేషగిరిగారినీ తన గదికి పిలిచి ఇద్దరికీ టైపు చేసిన కాగితాలు ఇచ్చారు. శేషగిరిది గుడివాడ. వేళాకోళం మనిషి, చేతిలో చురుకున్నవాడు. ఆ కాగితాల్లో పన్నెండు మంది రోగుల సంగతి ఉంది. ఒకరికి గొంతునొప్పి, ఒకరికి పది రోజుల జ్వరం, ఒకరికి చీము పట్టిన పుండు, ఇలా. ఒక్కొక్కరి కిందా మూడు గీతలు. ఏ మందు ఇస్తావు? ఎన్ని రోజులు? మూడో గీత దగ్గర, ‘నీ నిర్ణయం మీద నీకెంత నమ్మకం? పదికి ఎన్ని?’

శేషగిరి నవ్వు ఆపుకోలేక, ‘సార్, నమ్మకానికి కూడా మార్కులా అండీ?’ అన్నాడు.

‘నవ్వండి, ఫర్వాలేదు,’ అన్నారాయన. ‘నేను డాక్టరయిన రోజుల్లో నిమోనియా వస్తే తడిగుడ్డ వేసి పక్కన కూర్చునేవాళ్లం. అంతకన్నా చేతిలో ఏమీ లేదు. మీకు మొదటి రోజునుంచే పెన్సిలిన్ ఉంది, స్ట్రెప్టోమైసిన్ ఉంది, ఇప్పుడు టెట్రాసైక్లిన్ వచ్చింది. చీటీ రాసేటప్పుడు మీ మనసులో ఏమవుతోందో నాకు తెలియాలి. గుడివాడలో, అవనిగడ్డలో ఉన్న మన కుర్ర డాక్టర్లకు కూడా పంపించాను. ఎవరూ పుస్తకం తెరవకండి.’

నేను అరగంటలో పూర్తిచేశాను. ఎక్కువచోట్ల ఎనిమిదీ తొమ్మిదీ వేశాను. ఒక్క ప్రశ్నకు మాత్రం తడుముకోకుండా పది వేశాను. ఆ రోగి ఎవరంటే, కాలు ఎర్రబడి వాచి, చలితో జ్వరం వచ్చినవాడు. అలాంటివాళ్లు ఇక్కడ వారానికి ఒకరైనా వస్తారు. పెన్సిలిన్ సూదులు వేయిస్తాను. మూడో రోజుకల్లా జ్వరం పోతుంది, ఎరుపు తగ్గుతుంది, దండం పెట్టి వెళ్తారు. కళ్లారా చూశాను కాబట్టి పది వేశాను. నిజం చెప్పాలంటే, ఊరు కాని ఊళ్లో నాకు చేతనైన పని ఇదొకటైనా ఉందని గర్వంగా కూడా ఉండేది.

కాగితం ఇచ్చిన మూడో రోజో నాలుగో రోజో వీరాస్వామి వచ్చాడు. పెడనలో కలంకారీ అద్దకం పనిచేస్తాడు. బట్టలు ఉతకడానికి సగం రోజు కాలువలో నిలబడి ఉంటాడు. అలాగే ఎర్రగా వాచిన కాలితో నా దగ్గరికి రావడం అది మూడోసారి. నేను చీటీ రాస్తుంటే బల్ల మీదికి వంగి, ‘డాక్టరమ్మగారూ, సూది వద్దండీ. జ్వరానికి బిళ్ల ఏదైనా ఉంటే ఇప్పించండి చాలు,’ అన్నాడు.

‘సూది వేస్తేనే కదా పోయినసారి తగ్గింది?’ అన్నాను.

అతను నన్ను నొప్పించకూడదని కాసేపు చేతులు నలుపుకున్నాడు. ‘పోయినసారి పనుండి రెండో సూదికి రాలేదండీ. అయినా తగ్గింది. మా నాయనకీ ఇంతేనండీ. మూడు రోజులు కాపడం పెట్టుకుని పడుకుంటే నాలుగో రోజు దానంతటదే పోయిద్ది. అప్పుడు ఈ సూదులు ఎక్కడియ్యండీ?’

నేను మార్తమ్మగారి వైపు చూశాను. ఆవిడ గుడ్డలు మడతపెడుతూ, తల ఎత్తకుండానే, ‘బోదకాలు జ్వరం డాక్టరమ్మా. మా వైపు ఇంటికొకరికి ఉంటది. మీ వైపు ఉండదు కదండీ,’ అన్నారు.

‘మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?’

‘మీరు అడగలేదండీ. చీటీ రాసి ఇచ్చారు, వేశాను.’

అక్కా, ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అందుకే ఎక్కువ తగిలింది. బోదకాలు గురించి నేను చదవకపోలేదు. పరీక్షలో రాశాను కూడా. కానీ మన వైపు ఒక్క కాలూ చూడలేదు. తగ్గేది దానంతటదే తగ్గుతుంటే, నా సూది తగ్గిస్తోందని ప్రతిసారీ నమ్మి, నమ్మినకొద్దీ ఇంకా నమ్మి, చివరికి పదికి పది వేశాను. ఎంతమందికి ఊరికే పొడిపించానో తలుచుకుంటే సిగ్గేసింది. వాళ్లలో ఒకరికి పెన్సిలిన్ పడక ప్రాణం మీదికి వచ్చి ఉంటే?

ఆ సాయంత్రమే రామబ్రహ్మంగారి గదికి వెళ్లి, నా కాగితం ఒకసారి ఇవ్వండి, ఒక అంకె మార్చుకోవాలి అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను చూసి, ‘ఇచ్చింది ఇచ్చినట్టే ఉండాలమ్మా. దిద్దితే నాకు దేనికీ పనికిరాదు,’ అన్నారు. ఏ అంకె అని అడగలేదు.

అప్పటినుంచి నా చేయి ఆగిపోయింది. గొంతునొప్పితో ఎవరైనా వస్తే, ఇది కూడా దానంతటదే తగ్గేదేనేమో అనిపించేది. పుండు చూస్తే ఇంకో రోజు చూద్దామనిపించేది. రాసిన చీటీ వెనక్కి పిలిచి కొట్టేసేదాన్ని. శేషగిరి ఊరుకుంటాడా? ‘వసుంధరగారూ, మందు రాయడానికి పంచాంగం చూస్తున్నారా ఏమిటండీ?’ అన్నాడు, రోగుల ముందే. ఆదివారం వస్తే ఒంటరిగా మంగినపూడి బస్సెక్కి, సముద్రం ఒడ్డున ఆ చివరికీ ఈ చివరికీ నడిచి తిరిగి వచ్చేదాన్ని. పడవల దగ్గర వలలు బాగుచేసుకునే ఆడవాళ్లు, ‘ఎవరికోసం చూస్తున్నావమ్మా?’ అని అడిగారు. ఏం చెప్పను? నీకు ఆ ఉత్తరం రాసింది ఆ రోజే.

ఇక అసలు సంగతి. పోయిన వారానికి ముందు వారం, బుధవారం. రామబ్రహ్మంగారు పనిమీద విజయవాడ వెళ్లారు. మధ్యాహ్నం రెండు గంటలకు దివిసీమ నుంచి ఒక బాలింతను తీసుకొచ్చారు. పేరు సీతామహాలక్ష్మి. ఇరవై ఏళ్లుంటాయి. తొలి కాన్పు, ఎనిమిదో రోజు. పక్కన తల్లి, తల్లి ఒళ్లో పసిబిడ్డ. బాలింత ఒళ్లు కాలిపోతోంది. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి. పొత్తికడుపు మీద చేయి వేయబోతే నా మణికట్టు పట్టుకుంది.

పురిటి జ్వరం. లక్షణాలు రాస్తుంటేనే నీకు తెలిసిపోయి ఉంటుంది. నాకూ తెలిసింది. అయినా నా లోపల ఇంకో గొంతు, ‘కాలు సంగతి కూడా తెలిసిందనే అనుకున్నావు’ అంది. మలేరియా అయితే? పాలు గడ్డకట్టి వచ్చిన జ్వరమైతే? రక్తం పరీక్షకు పంపాను. రక్తం చూసే ఆయన భోజనానికి వెళ్లాడు. వచ్చేదాకా ఆగుదామన్నాను. మూడయింది. ఆయన వచ్చి చూసి మలేరియా కనబడలేదన్నాడు. ఇంకోసారి చూడమన్నాను. నాలుగయింది. వరండాలో నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు.

సీతామహాలక్ష్మి తల్లి నా వెనకే తిరుగుతూ, ‘అమ్మా, తెల్లారకముందే పడవెక్కామమ్మా. రేవు దాటి, బండి కట్టించుకుని, బస్సు పట్టుకుని వచ్చాం. ఏదో ఒకటి వెయ్యండమ్మా,’ అంటోంది.

మార్తమ్మగారు నన్ను మందుల గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. ‘డాక్టరమ్మా, ఆ పిల్ల నాడి అందడంలేదండీ. ఇంకా దేనికోసం చూస్తున్నారు?’

‘తప్పయితే?’

‘తప్పయితే రేపు మార్చండి. రేపటికి మనిషుండాలి కదండీ.’

‘మీరైతే ఏం చేస్తారు?’

‘నేను నర్సునండీ. చీటీ మీరు రాయాలి.’ అని కలం నా చేతిలో పెట్టారు. మూత తీయడం కూడా మరిచిపోయారు. భయం నాకొక్కదానికే కాదన్నమాట.

రాశాను. చర్మం కింద కొంచెం వేసి చూసి, పడుతుందని తేలాక పెన్సిలిన్, దానితో స్ట్రెప్టోమైసిన్, సెలైన్. మొదటి సూది పడేసరికి నాలుగున్నర.

గురువారం జ్వరం అలాగే ఉంది. శుక్రవారం పొద్దున కూడా ఉంది. శేషగిరి వచ్చి ఛార్టు చూసి, ఈసారి వేళాకోళం లేకుండా, ‘పని చేయడం లేదేమోనండీ. టెట్రాసైక్లిన్‌కి మారుద్దామా?’ అన్నాడు. నేను మళ్లీ మంచం దగ్గరికి వెళ్లాను. నాడి నిన్నటికంటే నెమ్మదించింది. కడుపు మీద చేయి వేస్తే ఈసారి పట్టుకోలేదు, మొహం మాత్రం చిట్లించింది. ‘ఇవాళంతా చూద్దాం,’ అన్నాను. అలా అనడానికి నాకు ఎంత భయమేసిందో రాయలేను. మందు ఇవ్వడానికి ఆగడం వేరు, ఇచ్చిన మందు మీద నిలబడటానికి ఆగడం వేరు. ఆ రోజు నేను అన్నం తినలేదు. మార్తమ్మగారు కూడా తినలేదని తర్వాత తెలిసింది. ఆవిడకు అది ఉపవాస ప్రార్థన.

శనివారం మధ్యాహ్నం సీతామహాలక్ష్మికి చెమట పట్టింది. జ్వరం దిగి, మళ్లీ ఎక్కలేదు. సాయంత్రం బిడ్డను పక్కలో వేయమని తనే అడిగింది. నేను మందుల గదిలోకి వెళ్లి గోడకు ఆనుకుని కాసేపు ఏడ్చాను. అమ్మకు ఇది చెప్పొద్దు.

రామబ్రహ్మంగారు ఆ రోజే వచ్చారు. ఛార్టు మొదటి పేజీ మీద వేలు పెట్టి అడిగారు. ‘రెండు గంటలకు వచ్చింది. మందు నాలుగున్నరకు. మధ్యలో ఏమయిందమ్మా?’

శేషగిరి ఏదో సర్ది చెప్పబోయాడు. నేనే చెప్పాను. ‘భయపడ్డానండీ. బోదకాలు జ్వరానికి పదికి పది వేసి తప్పు చేశాను. ఆ తర్వాత దేన్నీ నమ్మలేకపోయాను.’

ఆయన మమ్మల్నిద్దరినీ గదికి తీసుకువెళ్లారు. కాగితాలన్నీ బల్ల మీద పరిచారు. గుడివాడవీ అవనిగడ్డవీ కూడా వచ్చాయి. పది వేసినచోట తప్పులు చేసింది నేనొక్కదాన్నే కాదు, అందరం. శేషగిరి అన్నిటికీ పదే వేశాడు. సగం తప్పులు. అతను చాలాసేపు కాగితం చూసి, ‘తొమ్మిది వేస్తే నాకు రాదనుకుంటారని పది వేశానండీ, సార్,’ అన్నాడు. అతని గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. అతనికీ నాకూ ఒకే జబ్బని, అతనిది నవ్వులో దాక్కుందని అప్పుడు అర్థమయింది.

అప్పుడు ఆయన సొరుగులోంచి ఇంకో కాగితం తీశారు. అది ఆయనదే. మాకు ఇవ్వకముందు తనూ పూర్తిచేశారట. ఒక్క పదీ లేదు. పురిటి జ్వరం దగ్గర మందులు రాసి, నమ్మకం ఆరు అని వేసి, కింద ‘వెంటనే’ అని రాసి ఉంది. బోదకాలు దగ్గర ఎనిమిది. మందు గీత మీద ‘సూది లేదు. ఒక రోజు చూడాలి.’

‘బాలింత విషయంలో ఆరు చాలమ్మా,’ అన్నారు. ‘ఆగితే మనిషి దక్కదు. కాలు విషయంలో తొందర లేదు, ఒక రోజు చూసినా నష్టం లేదు. మీరు రెండూ తారుమారు చేశారు. పిల్ల బతికింది. ఆ రెండున్నర గంటలు మాత్రం ఊరికే పోయినవి. అవి మరిచిపోకండి.’ తిట్టలేదు, ఓదార్చనూ లేదు. కాగితాలు మడిచి లోపల పెట్టుకున్నారు.

సీతామహాలక్ష్మి నిన్న ఇంటికి వెళ్లింది. రిక్షా ఎక్కించేటప్పుడు వాళ్లమ్మ నా చేతులు పట్టుకుని, ‘మా పక్క ఊళ్లో మీ ఆసుపత్రివాళ్ల డిస్పెన్సరీ ఉంది గానండీ, అందులో డాక్టరు లేడు. ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు,’ అంది. నేను రెండున్నర గంటలు ఆపాను. వాళ్లు అంతకుముందే తొమ్మిది పది గంటలు దారిలో ఉన్నారు. ఆ లెక్క వార్డులో ఎవరికీ కనబడదు.

నేను అక్కడినుంచి తిన్నగా రామబ్రహ్మంగారి దగ్గరికి వెళ్లి, ఆ డిస్పెన్సరీకి నన్ను పంపండి అన్నాను. దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉంటుంది. అక్కడి డాక్టరు పైచదువుకు వెళ్లిపోయాడు. ఒక కాంపౌండరు, ఒక మంత్రసాని ఉన్నారు. అడగడానికి పెద్ద నర్సు కూడా ఉండదు. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ‘మీరు మొన్ననే భయపడ్డారు కదమ్మా,’ అన్నారు. ‘ఇప్పుడూ భయమేనండీ,’ అన్నాను. ఆరు నెలలకు సరే అన్నారు. కష్టమైన కేసు వస్తే మనిషి చేత కబురు పంపమన్నారు. మార్తమ్మగారు తన పెట్టెలోంచి ఒక దోమతెర తీసి ఉతికి ఆరేశారు. ఆరుతుందో లేదో దేవుడికి తెలియాలి.

ఎల్లుండి పొద్దున బస్సుకు బయల్దేరుతున్నాను. దసరాకు రాలేను. నాయన నాకోసం ఎవరినైనా అడిగి ఉంటే, వద్దని నువ్వే నచ్చజెప్పు. ఆయన కోపంగా ఉత్తరం రాస్తారని తెలుసు. అది బందరు చేరేసరికి నేను పులిగడ్డ రేవు దాటేసి ఉంటాను. అయినా రాయమను. మార్తమ్మగారు అక్కడికి పంపిస్తారు. ఆయన అక్షరాలు చూసి చాలా రోజులయింది.

వీలైతే రాగిపిండి, ఊరిబిండి పార్శిలు కట్టి పంపు. నా ట్రంకు అడుగున నీలం అట్ట మందుల పుస్తకం ఉంది, అది కూడా. జేజికి, అమ్మకు, నాయనకు నా దండాలు. చిట్టికి ముద్దులు. బావగారికి నమస్కారాలు, దగ్గు సంగతి మరిచిపోవద్దు. పెద్దవాళ్లందరూ నన్ను తలుచుకుని ఒక మంచి మాట అనుకోండి. అక్కడ అది నాకు పనికొస్తుంది.

ఇట్లు,
నీ చెల్లెలు
వసుంధర